పొద్దున వచ్చి సాయంత్రం పోయే యాత్రికులు
మన్యానికి మిగిలేదెంత?

కార్తీకమాసం మొదలుకొని సంక్రాంతి వెళ్లేవరకు అరకు ఘాట్ రోడ్డు మీద కార్లు, బస్సులు బారులు తీరుతాయి. విశాఖపట్నం నుండి అరకుకు సుమారు 115 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరినవారు దారిలో బొర్రా గుహలు చూసుకొని, అరకులో భోంచేసి, చీకటి పడేలోగా కొండ దిగిపోతారు. రైలులో వచ్చేవారిదీ అదే వరస. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960 దశకంలో వేసిన లైను అది. 2017 నుండి దానిపై నడిచే రైలుకు అద్దాల పెట్టె కూడా తగిలించారు.

వచ్చేవారి మీద మనకు కోపమేమీ లేదు. అయితే వారి డబ్బు ఎక్కడ దిగుతున్నదో చూడవలసి ఉన్నది. కారు అద్దె పట్నంలోనే చెల్లిస్తారు. పెట్రోలు అక్కడే పోయించుకుంటారు. ఇక్కడి హోటలులో తిన్న భోజనంలో పప్పూ నూనే మైదానం నుండి వచ్చిన సరుకే. బొంగు చికెను, మొక్కజొన్న పొత్తులు, కాఫీ పొట్లాలు అమ్మేవారికి, థింసా ఆడే బృందాలకు నాలుగు రూపాయలు వస్తున్నమాట నిజం. కాని అది రెండు మూడు నెలల ముచ్చట. పైగా 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక యాత్ర మొదలయ్యే ఊరు ఒక జిల్లాలోను, చెత్త మిగిలే ఊరు మరొక జిల్లాలోను ఉన్నాయి.

వలిసె పూల సంగతే చూడండి. పచ్చగా పూసిన చేను కనబడితే చాలు, కార్లు ఆపి పిల్లాపెద్దా లోపలికి దిగి ఫొటోలు తీయించుకుంటారు. అది తోట కాదు, నూనెగింజల పంట అని వారికి తెలియదు. తొక్కిన మొక్క గింజ పట్టదు. కొందరు రైతులు గట్టున నిలబడి మనిషికి ఇంత అని వసూలు చేయడం మొదలుపెట్టారు. దీనిని తప్పుపట్టేవారు పంట నష్టం ఎవరు భరిస్తారో కూడా చెప్పాలి. చేనులోకి పోకుండా గట్టు వెంబడే దారి విడిచి రుసుము తీసుకుంటే ఇద్దరికీ మేలు.

అసలు రాబడి రాత్రి బసలో ఉన్నది. గది అద్దె ముందు భోజనం ఖర్చు ఎంత? ఆ గదులు ఎవరివన్నదే చిక్కు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన తరువాత, మన ఏజెన్సీలో భూమి గిరిజనులకు గాని, గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘానికి గాని తప్ప ఇతరులకు బదిలీ కారాదు. అందరూ 1/70 చట్టం అనేది దీనినే. బొర్రా ప్రాంతపు గనుల లీజులపై నడిచిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో మరో అడుగు వేసి, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం సైతం తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదని తీర్పు చెప్పింది. అయినా పత్రం ఒకరి పేరున, పెట్టుబడి మరొకరిదిగా కట్టడాలు లేస్తున్నాయన్న ఫిర్యాదులు కొత్తవి కావు. పేరు అరువిచ్చినవానికి దక్కేది కాపలా జీతం.

చట్టం మూసిన తలుపుతో పాటు తెరిచి ఉంచిన తలుపు కూడా ఉన్నది. నలుగురు గిరిజన యువకులు సహకార సంఘంగా చేరి నాలుగు గదులు కట్టుకుంటే అడ్డేమీ లేదు. అప్పు పుట్టకపోవడమే అడ్డు. బ్యాంకులు ఏజెన్సీ భూమిని హామీగా పెట్టుకోవడానికి వెనుకాడుతాయి. అధికారులు దృష్టి సారించవలసినది ఇక్కడే. మరో వ్యూపాయింటు కట్టినంత మాత్రాన ఈ చిక్కు వీడదు. లంబసింగి మంచు, వంజంగి మేఘాలు చూడడానికి అర్ధరాత్రి నుండే జనం వస్తున్నారు గనుక అక్కడ గుడారాల అద్దె కొంతైనా స్థానికుల చేతికి వస్తున్నది. ఉదయానికి సీసా పెంకులూ మిగులుతున్నాయి. వాటిని ఏరేది మన ఆడవాళ్లే.

1996 నాటి పీసా చట్టం గ్రామసభకు అధికారాలు ఇచ్చింది. మన రాష్ట్రంలో నిబంధనలు 2011లో వచ్చాయి. వాహనాలు నిలిపే స్థలం, దాని రుసుము, చెత్త ఎత్తే కూలి ఈ మూడింటి మీద వలిసె పూసేలోగా సభ పెట్టి తీర్మానం చేసి, పంచాయతీ కార్యదర్శి చేత పుస్తకంలో ఎక్కించుకోవాలి. రాత తీసుకోనిదే సభ నుండి లేవకండి.