వేరు చేస్తేనే విలువ

'పాత ఇనప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటాం...' కేక వినపడగానే అటక మీదున్నవన్నీ గోనెసంచిలో కుక్కి ఇచ్చేస్తాం. మన పని అక్కడితో సరి. ఆ సంచి విప్పేవాళ్ల పని అక్కడే మొదలవుతుంది. కలగలుపుగా అమ్మితే మంచి సరుకుకీ నాసిరకం ధరే. ఏ రకానికారకం విడదీస్తే దేని ధర దానిది. ఆ తేడాతోనే వాళ్ల ఇల్లు గడవాలి. మరి ఈ పనిలో పనితనం పెంచుకోవడమెలా? చేతులు వేగంగా ఆడిస్తే సరిపోతుందా?

ఒక్క ముక్క చాలు!

సరిపోదు. వేగం కన్నా కచ్చితత్వమే ఇక్కడ డబ్బు తెచ్చిపెడుతుంది. మంచినీళ్ల సీసాలు 'పెట్' రకం. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే పీవీసీ ముక్కలు వాటిలో కలిసిపోతుంటాయి. పెట్ కరగాలంటే సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పీవీసీ అంత వేడికి ఆగదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. దాంతో పెట్ పచ్చబడి, పెళుసుబారుతుంది. అందుకే రోజుకి ఎన్ని కిలోలు ఏరారన్నదే కాదు, ఎంత సరుకు వెనక్కి తిరిగొచ్చిందన్నదీ లెక్కే. హడావుడిగా ఏరిన బస్తా తిరిగొస్తే పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే!

కన్ను, నీళ్లు, అయస్కాంతం

చాలా డబ్బాల అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 1 అంటే పెట్. 2 అంటే షాంపూ సీసాల్లాంటి గట్టి పాలిథిన్. 3 పీవీసీ. 4 పల్చటి పాలిథిన్. 5 పాలీప్రొపిలీన్. అంకె చెరిగిపోతే నీళ్ల బకెట్టు ఉండనే ఉంది. పెట్, పీవీసీ ముక్కలు మునుగుతాయి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. సీసా మునిగినా దాని మూత ముక్క తేలేది అందుకే. ఇనుముని అయస్కాంతం పట్టేస్తుంది, అల్యూమినియం, రాగి, ఇత్తడిని పట్టదు. అయితే స్టీలు గిన్నెల్లో చాలా రకాలు కూడా అతుక్కోవు. అక్కడ చేతికి తెలిసే బరువే గుర్తు.

కూర్చునే తీరూ ముఖ్యమే

నేలమీద వంగి ఏరితే మధ్యాహ్నానికే నడుము పట్టేస్తుంది. నడుమెత్తు బల్ల ఉంటే అలుపు తగ్గుతుంది. ఎక్కువగా వచ్చే రకం బుట్ట చేతికి దగ్గరగా ఉండాలి. పెద్దవి ముందు తీసేస్తే చిన్నవి కంటికి ఆనతాయి. ఏ రకం ఎంత పోయింది, ఎంతకి పోయింది... సాయంత్రం పుస్తకంలో రెండు ముక్కలు రాసుకుంటే బేరమాడేటప్పుడు అక్కరకొస్తుంది.

తీగ కాల్చొద్దు

కరెంటు తీగల్ని కాల్చి రాగి తీయడం తేలికే. కానీ ఆ పొగ విషం. పైగా కాలిన రాగి నల్లబడి, తక్కువ ధరకి పోతుంది. కత్తితో తొడుగు ఒలిస్తే మెరిసే రాగికి మెరుగైన ధర వస్తుంది. ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీని గుచ్చినా నొక్కినా అంటుకుంటుంది. దాన్ని విడిగా తీసిపెట్టాల్సిందే. చేతికి మందపాటి తొడుగులు, కాళ్లకి బూట్లు, ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలు... వీటికయ్యేది ఖర్చు అనుకోకూడదు. చేతికి సూది గుచ్చుకుంటే కూలితోపాటు ఆరోగ్యమూ పోతుంది.

పుణె చూపిన దారి

పుణెలో చెత్త ఏరుకునేవాళ్లు 1993లో సంఘంగా ఏర్పడ్డారు. 2008లో 'స్వచ్' సహకార సంస్థ ద్వారా నగరపాలక సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని ఇంటింటికీ వెళ్లి చెత్త సేకరించడం మొదలెట్టారు. ఇళ్లవాళ్లు రుసుమిస్తారు, పనికొచ్చే సరుకు అమ్ముకున్న డబ్బూ వాళ్లదే. కుప్పల్లో కెలికి తీసినదానికన్నా గుమ్మం దగ్గర అందుకున్న సరుకు శుభ్రంగా ఉంటుంది. వాళ్ల పనితనమంతా ఒకప్పుడు కుప్పలో దాగి ఉండేదన్నమాట!

మనింట్లోనూ...

అంటే వాళ్ల పనితనం సగం మన వంటింట్లోనే ఉంది. పాలప్యాకెట్టుని కడిగి ఆరబెట్టండి. కత్తిరించిన మూల ముక్కని విడిగా పడేయకుండా ప్యాకెట్టుకే వేలాడనివ్వండి. పగిలిన గాజుని మందపాటి కాగితంలో చుట్టి, పైన 'గాజు' అని రాయండి. ఇన్సులిన్ సూదుల్ని గట్టి డబ్బాలో వేసి, మూత బిగించి విడిగా ఇవ్వండి. మనకి రెండు నిమిషాల పని. రేపు పొద్దున మళ్లీ పనికి రావాల్సిన చేతులు వాళ్లవి!