ప్రాణం దక్కింది కదా, చెయ్యి వాస్తే ఏమాయ అనొద్దు

పోస్టు కొంచెం పొడుగే, ఓపికగా చివరిదాకా చదవండి. ఇది స్కాలర్‌షిప్ గురించీ కాదు, నోటిఫికేషన్ గురించీ కాదు. మన ఇండ్లల్లో అమ్మల చేతుల గురించి.

మేము ముగ్గురం ఒకే హాస్టల్ రూములో ఉంటాం. ఒకరిది మదనపల్లె పక్క తండా, ఒకరిది పుంగనూరు వైపు, ఇంకొకరిది కుప్పం దగ్గర. మా మూడు ఇండ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సంక్రాంతి సెలవులకి పోయి వచ్చినాక ఒక రాత్రి మాటల్లో మాట వచ్చింది. మాలో ఇద్దరి ఇండ్లల్లో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఆడమనిషి ఉంది. ఇద్దరికీ ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాచింది. ఇద్దరూ కొంగు కప్పుకుని ఆ చెయ్యి దాచుకుంటా ఉన్నారు.

ఒకరి పెద్దమ్మకి ఆపరేషన్ అయిన పది నెలలకి మొదలైంది. మన తండాల్లో పెద్దవాళ్ళు ఇంకా మోచేతి పైదాకా తెల్ల గాజులు వేసుకుంటారు కదా. అవి బిగుసుకుపోయినాయి. సబ్బు రాసినా దిగలేదు, చివరికి కట్టర్‌తో కోసి తీసినారు. క్యాన్సర్ అన్నప్పుడు ఏడవని మనిషి ఆ రోజు గాజుల ముక్కలు చూసి ఏడ్చింది. ఇంట్లో అందరూ ఒకటే మాట: "ప్రాణం దక్కింది కదా, చెయ్యి వాస్తే ఏమాయ." ఆ మాట మేమూ అన్నాం. అది తప్పు అని చెప్పడానికే ఈ పోస్టు.

ఇది ఏమి వాపు? రొమ్ము ఆపరేషన్ చేసేటప్పుడు చంకలో ఉండే గ్రంథులు కూడా చాలామందికి తీసేస్తారు, జబ్బు అక్కడికి పాకిందేమో చూడటానికి. ఇంటర్ బైపీసీలో శోషరసం అని చదివి, పరీక్ష రాసి మరిచిపోయినాం చూడండి, ఆ రసం చేతి నుంచి వెనక్కి పోయే దారి ఆ గ్రంథుల గుండానే. దారి తెగితే రసం చేతిలోనే నిలిచిపోతుంది. రేడియేషన్ కూడా తోడైతే ఇంకా ఎక్కువ. దీన్ని డాక్టర్లు లింఫెడిమా అంటారు. చంక గ్రంథులు తీసేసినవాళ్ళల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి వస్తుందని 2013లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ చెప్పింది. ఒకటి రెండు గ్రంథులే తీసి పరీక్ష చేసే పద్ధతిలో అయితే చాలా తక్కువ. నెలల్లో రావచ్చు, ఏండ్ల తర్వాత కూడా రావచ్చు. అంటే ఐదుగురిలో నలుగురికి రాదు కాబట్టి భయపడాల్సిన పని లేదు. కానీ వచ్చిన ఆ ఒక్కరికి ముందే ఒకరు చెప్పి ఉండాలి. మా పెద్దమ్మకి ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంది. అది చదవగలిగే మేము హాస్టల్లో ఉన్నాం.

తెలియకపోతే ఏమవుతుందో మా ఇండ్లల్లోనే చూసినాం. "బోదకాలు చేతికి వచ్చింది" అన్నారు. నిజానికి బోదకాలులో కూడా ఆగేది ఈ రసమే, కానీ అది దోమకాటుతో వచ్చే పురుగు వల్ల. ఇది అంటుకునేది కాదు. అయినా పెద్దమ్మకి గ్లాసు వేరే పెట్టినారు. ఇంకొకరు నీరు చేరింది కాబట్టి నీళ్ళు తక్కువ తాగమన్నారు, నీరు దిగే మాత్రలు తెచ్చినారు. వాటితో ఈ వాపు తగ్గదు. పసరు కట్టు కట్టినారు, నూనె వేసి గట్టిగా తోమినారు. వాత పెడదామని కూడా అనుకున్నారు, అది మాత్రం ఆపగలిగినాం. మన పెద్దల మందుల మీద మాకు చిన్నచూపు లేదు. కానీ ఈ చేతికి చర్మమే కోట. వాతతో, గాయంతో ఆ కోటకి బొక్క పడితే సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి, నిలిచిన రసంలో బాగా పెరుగుతాయి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి పోవాలి. రేపు చూద్దాం అనకూడదు. ఒక్కోసారి అది ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఆసుపత్రిలో పెద్దమ్మకి చెప్పిన ఒకే ఒక్క మాట "బరువులు ఎత్తొద్దు, రెస్టు తీసుకో." టమాటా కోతకి పోయే మనిషికి ఆ మాట చెబితే ఏం లాభం? మదనపల్లె మార్కెట్టుకి పోయే ప్రతి బాక్సు వెనక మన ఆడవాళ్ళ చేతులు ఉన్నాయి. కర్రలు నాటాలి, తీగ కట్టాలి, కాయ కోయాలి, బాక్సు మోయాలి. కుప్పం వైపు అయితే తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోయేవాళ్ళు ఉన్నారు. రెస్టు అంటే కూలి పోవడం. కాబట్టి ఆమె తలూపి వస్తుంది, మరుసటి రోజు పనికి పోతుంది, చెయ్యి దాచుకుంటుంది.

ఇంకో సంగతి. అసలు చెయ్యి కదపొద్దు అనేది పాతకాలపు భయం. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. వాపు ఉన్న 141 మంది ఆడవాళ్ళల్లో సగం మందితో కొంచెం కొంచెంగా పెంచుకుంటా బరువులు ఎత్తించినారు. వాపు పెరగలేదు, చెయ్యికి బలం వచ్చింది, వాపు ఉన్నట్టుండి ముదరడం కూడా తగ్గింది. దాని అర్థం రేపే బాక్సు నెత్తిన పెట్టమని కాదు. నేర్పించేవాళ్ళ దగ్గర, చేతికి స్లీవు వేసుకుని, నెమ్మదిగా పెంచుకోవాలని. "పని మానేయ్" అనేదానికి, "ఇట్ల చేస్తే పనికి తిరిగి పోవచ్చు" అనేదానికి మన ఇండ్లల్లో భూమికి ఆకాశానికి ఉన్నంత తేడా ఉంది.

ఆ స్లీవు కొలత ప్రకారం తీసుకోవాలి, సుమారు ఆరు నెలలకి ఒకసారి మార్చాలి. పెద్దమ్మ మొదటి స్లీవుకి వారం కూలి పెట్టింది. వదులైపోయినా అదే వేసుకుంటా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి, వాటిల్లో ఈ వాపు పేరు లేదు. ఆపరేషన్‌కి ప్రభుత్వం డబ్బు కడుతుంది, మంచిదే. కానీ ఆపరేషన్ తర్వాత బతికే ఇరవై ఏండ్ల సంగతి కూడా ఎవరో ఒకరు చూడాలి కదా.

మన ప్రాంతానికి ఇది కొత్త ఆలోచన కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915 నుంచి టీబీ శానిటోరియం నడిచింది. నెలల తరబడి చూసుకోవాల్సిన జబ్బుకి నెలల తరబడి చూసే చోటు కావాలని వందేండ్ల కిందటే ఇక్కడ అర్థమైంది. ఈ రోజు తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో మొదలైన టాటా వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది. కానీ చెయ్యి చూపించుకోవడానికి మాటిమాటికీ తిరుపతి పోవాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీ, తోడు ఒక మనిషి. అందుకే మేము అడిగేది ఇంతే: మదనపల్లె, పుంగనూరు, కుప్పం సర్కారు ఆసుపత్రుల్లో ఈ వాపుకి కట్టు కట్టడం, వ్యాయామం నేర్పే ఫిజియోథెరపీ నెలకి ఒక రోజైనా పెట్టాలి. స్లీవు ఉచితంగా ఇవ్వాలి. ఆశా అక్కలకి ఈ వాపు గుర్తుపట్టడం నేర్పాలి.

అది వచ్చేదాకా మనం చేయగలిగినవి ఉన్నాయి. ఈసారి ఇంటికి పోయేటప్పుడు దర్జీ టేపు ఒకటి తీసుకుపోండి. రెండు చేతులూ కొలవండి, మోచేతికి పైన 10 సెంటీమీటర్లు, కింద 10 సెంటీమీటర్లు. నోటుబుక్కులో రాయండి. రెండు సెంటీమీటర్ల తేడా వస్తే డాక్టరుకి చూపించాలి. మొదట్లోనే పట్టుకుంటే చాలావరకు అదుపులో ఉంటుంది, ముదిరితే చెయ్యి గట్టిపడిపోతుంది. పొలం పనికి గ్లౌజులు కొనివ్వండి. ముల్లు గుచ్చుకుంటే సబ్బుతో కడగమనండి. సూది, బీపీ వీలైనంతవరకు ఇంకో చేతికే వేయమని మీరే నోరు తెరిచి చెప్పండి, అమ్మలు చెప్పలేరు.

మగపిల్లలకి ఒక మాట. రొమ్ము అనే మాట ఇంట్లో పలకడానికి మాకూ సిగ్గే. ఆ సిగ్గు వల్లే పెద్దమ్మ ఆరు నెలలు చెయ్యి దాచింది. మనం చదువుకుంటా ఉన్నది ఆ చేతులు సంపాదించిన కూలితోనే, ఆ చెయ్యి పట్టుకుని కొలవడానికి సిగ్గుపడితే ఎట్ల?

పోయిన ఆదివారం పెద్దమ్మకి ఫోన్ చేసి టేపు తెస్తా ఉన్నామని చెప్పినాం. "జాకెట్టు కుట్టిస్తారా?" అని నవ్వింది. కాదు పెద్దమ్మా, చెయ్యి కొలవాల అన్నాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎప్పుడొస్తారు?" అనింది.

మీ ఇండ్లల్లో కూడా ఉంటే పేర్లు వద్దు, ఊరు పేరు మాత్రం కామెంటులో పెట్టండి. లెక్క ఉంటే ఆసుపత్రికి అర్జీ రాయడానికి బలం ఉంటుంది. అర్జీ మేము రాస్తాం.