నెలలు నిండిన సిస్టర్‌కి ఏ వార్డు?

గ్రహణం నాడు నిండు చూలాలిని మన ఇళ్ళలో గడప దాటనివ్వరు. చావింటికి పంపరు. తొలిచూలు అయితే పుట్టింటికి తీసుకెళ్ళి పురుడు పోయటం కృష్ణా జిల్లాలో ఇప్పటికీ ఆచారమే. కడుపుతో ఉన్న మనిషి విషయంలో ఇంత జాగ్రత్త పడే సమాజమే, ఆ మనిషి నర్సయితే మాత్రం ఎనిమిదో నెలలో జ్వరాల వార్డులో నైట్ డ్యూటీ వేస్తుంది. కనిపించని గ్రహణదోషానికి భయపడే వాళ్ళం, మైక్రోస్కోపులో కనిపించే క్రిమికి ఎందుకు భయపడం? భయపడవలసింది మనం కాదు, ఆమె అని కాబోలు.

నేను స్టాఫ్ నర్సుని. గుడివాడలోనూ మచిలీపట్నంలోనూ పనిచేశాను. ఈ ప్రశ్న నాకు 2021లో ఎదురైంది. ఆ ఏడాది జనవరి 16న కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. మొదటి వరుస ఆరోగ్య సిబ్బందిదే. అయితే గర్భిణులకు మాత్రం వద్దన్నారు. టీకా పరీక్షల్లో గర్భిణులను చేర్చలేదు కాబట్టి ఆధారాలు చాలవన్నారు. వాళ్ళకి అనుమతి వచ్చింది జూలై 2న. మధ్యలో ఏప్రిల్, మే నెలలు గడిచిపోయాయి. రెండో అల విరుచుకుపడింది ఆ నెలల్లోనే. టీకా ఇవ్వటానికి ఆధారాలు చాలవన్నవాళ్ళు, టీకా లేకుండా వార్డులో నిలబెట్టటానికి ఏ ఆధారం చూసుకున్నారో ఎవరూ చెప్పలేదు. టీకా దగ్గర ఆమె గర్భిణి. డ్యూటీ దగ్గర మాత్రం సిస్టర్!

నాకప్పుడు ఎనిమిదో నెల. ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో పని. వార్డు మార్చమని అడిగితే, "కష్టమైతే మానెయ్యండి సిస్టర్, ఎవరు ఆపారు?" అన్నారు. ఇంట్లో వస్తున్నది నా ఒక్కదాని జీతమే కాబట్టి మానలేదు. పాప క్షేమంగా పుట్టింది. అది నా అదృష్టం. అదృష్టాన్ని రక్షణ ఏర్పాటుగా లెక్క వెయ్యటం అన్యాయం.

చివరి నెలల్లో శరీరం ఎలా ఉంటుందో వైద్యం నడిపేవాళ్ళకి వేరే చెప్పాలా? పెరిగిన గర్భసంచి ఊపిరితిత్తుల్ని పైకి నెడుతుంది, ప్రాణవాయువు అవసరమేమో పెరుగుతుంది. అందుకే ఫ్లూ అయినా కోవిడ్ అయినా గర్భిణిలో ముదిరే ప్రమాదం ఎక్కువ. కాన్పు ముందురోజుల్లో తల్లికి ఆటలమ్మ సోకితే పసిబిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. కలుషితమైన నీళ్ళతో వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లు మామూలు మనిషికి వచ్చి పోతాయి, చివరి నెలల్లో గర్భిణిని చంపగలవు. ఇక పిపిఇ తొడుక్కుంటే గంటల తరబడి నీళ్ళు తాగటం లేదు, మూత్రానికి వెళ్ళటం లేదు. మే నెల ఎండల్లో కాళ్ళు వాచిన మనిషి అలా నిలబడితే ఏమవుతుందో ఏ నర్సింగ్ విద్యార్థిని అడిగినా చెబుతుంది. కోవిడ్ తగ్గింది కదా అనవచ్చు. క్షయ, ఆటలమ్మ, ఫ్లూ, సూది గుచ్చుకుంటే వచ్చే హెపటైటిస్-బి ఎక్కడికీ పోలేదు.

చట్టం ఏమంటోంది? 2025 దాకా అమల్లో ఉన్న 1961 ప్రసూతి చట్టం ప్రకారం, కాన్పుకి ముందు ఆరు వారాలు, వాటికి ముందున్న నెల రోజులు, గర్భిణితో కష్టమైన పని, ఎక్కువసేపు నిలబడే పని చేయించకూడదు. అదీ ఆమె కోరితేనే. అలా పని మార్చినందుకు జీతం కొయ్యకూడదని కూడా చట్టంలో ఉంది. చాలామంది నర్సులకి ఈ సంగతే తెలియదు. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ రక్షణ ఉంది. అయితే రెండింటిలోనూ అంటువ్యాధి అన్న మాట పేరుపెట్టి లేదు. బరువులెత్తే శ్రమ చట్టానికి కనిపించింది. రోగి దగ్గు మొహాన పడే శ్రమ కనిపించలేదు.

సెలవు ఉంది కదా అంటారు. 2017 సవరణతో అది 26 వారాలయింది. అందులో కాన్పుకి ముందు వాడుకోగలిగింది 8 వారాలు. ముందు ఎన్ని వారాలు వాడితే, బిడ్డ పుట్టాక అన్ని తగ్గుతాయి. బిడ్డకి పాలిచ్చే రోజులు మిగుల్చుకోవటం కోసం నొప్పులొచ్చే దాకా డ్యూటీ చేసే నర్సులు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు. దీన్ని ఆమె ఇష్టం అనటం ఎంతవరకు సబబు? తన ఊపిరికీ బిడ్డ పాలకీ మధ్య బేరం పెట్టి, ఎంచుకోమనటం స్వేచ్ఛ అవుతుందా?

యూరప్ దేశాల్లో 1992 నాటి నిబంధనల ప్రకారం గర్భిణి పనిచేసే చోట రోగక్రిముల ప్రమాదాన్ని యజమాని ముందుగా అంచనా వెయ్యాలి. ప్రమాదం తప్పకపోతే పని మార్చాలి, అదీ కుదరకపోతే పనికి దూరంగా ఉంచాలి. బ్రిటన్‌లో అలా దూరంగా ఉంచితే జీతం ఇచ్చి తీరాలి. మన ఊళ్ళ నుంచి వెళ్ళి అక్కడ పనిచేసే నర్సుకి దొరికే హక్కు, ఇక్కడే ఉండిపోయిన ఆమె తోటి నర్సుకి లేదు.

ఇది ఇక్కడ సాధ్యం కాదంటారా? మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అటువంటి పెద్ద ఆసుపత్రిలో వార్డులు అనేకం. జ్వరాల వార్డు నుంచి టీకాల గదికో, రికార్డులకో మార్చటానికి కావలసింది డ్యూటీ చార్టులో ఒక నిబంధన. గుడివాడ వంటి ఊళ్ళలో ముగ్గురు నలుగురు సిస్టర్లతో నడిచే చిన్న నర్సింగ్‌హోంలది వేరే సమస్య. అక్కడ ఒకరిని మారిస్తే ఆ పని మరొక స్త్రీ మీద పడుతుంది. "నీ కడుపు కోసం నేనెందుకు నైట్లు చెయ్యాలి?" అని తోటి సిస్టర్ అడిగితే తప్పు ఆమెది కాదు, మనిషిని అదనంగా పెట్టనివాళ్ళది. ఇలా అయితే పెళ్ళయిన ఆడవాళ్ళని పనిలోకే తీసుకోరని బెదిరించేవాళ్ళూ ఉన్నారు. ఆ ఖర్చు ఒక్క యజమాని మీదే పడకుండా ఇఎస్ఐ వంటి ఉమ్మడి నిధి భరిస్తే ఆ సాకు బలం తగ్గుతుంది.

దివిసీమలో మార్చటానికి వార్డే లేదు. నాగాయలంక, కోడూరు మండలాల్లో ఏఎన్ఎం, ఆశా పని ఇంటింటికీ తిరగటమే. ఎదురుమొండి వంటి లంకల్లో ఆ తిరుగుడు ఇంకా కష్టం. ఆశాలకు 180 రోజుల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చిలో నిర్ణయించింది. ఎన్నో ఏళ్ళ పోరాటం తర్వాత వచ్చిన మంచి నిర్ణయం అది. అయితే సెలవు మొదలయ్యే దాకా జ్వరం ఇళ్ళకీ క్షయ రోగి ఇంటికీ వెళ్ళేది నిండు గర్భిణే. ఊళ్ళో గర్భిణుల పేర్లు రాసి, జాగ్రత్తలు చెప్పి, ఆసుపత్రికి చేర్చే మనిషి పేరు గర్భిణుల జాబితాలో ఎవరు రాస్తారు?

అడగవలసినవి నాలుగే. ఏడో నెల నుంచి అంటువ్యాధుల వార్డులు, జ్వరాల సర్వేలు ఆమెకు వెయ్యకూడదు. ఆమె కోరితే అని కాకుండా, అది నిబంధనగా ఉండాలి. పని మారినందుకు జీతంలోగానీ ప్రసూతి సెలవులోగానీ ఒక్క రోజు తగ్గకూడదు. ఆమె స్థానంలో మనిషిని ఇవ్వాలి. రెగ్యులర్, కాంట్రాక్టు, ఆశా, ఆయా అన్న తేడా లేకుండా అందరికీ ఇది వర్తించాలి. వార్డు తుడిచే ఆయా కూడా అదే గాలి పీలుస్తోంది.

ఈ హక్కుని చట్టంలో రాయించుకునే లోపు, ఉన్న చట్టాన్నయినా వాడుకుందాం. ఎనిమిదో నెల వచ్చిన ప్రతి సిస్టర్ చేతా పని మార్చమని కాగితం మీద రాయించి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకుందాం. ఒక్కరు అడిగితే మానెయ్యమంటారు. ఆసుపత్రిలో సిస్టర్లందరూ ఆ కాగితం మీద సంతకం చేస్తే ఎంతమందిని మానెయ్యమనగలరు?