దీపస్తంభం - ఒంటిగది బడి

విహారయాత్ర అంటే బస్సెక్కి పాటలు పాడుకుంటూ వెళ్ళి, పులిహోర తిని, ఫొటోలు దిగి రావడమే అనుకున్నాం. ఏలూరు నుంచి కైకలూరు మీదుగా బందరు వెళ్ళి వచ్చిన రోజు మాత్రం మా హాస్టల్లో పెద్ద చర్చకే దారితీసింది.

మాలో కొల్లేరు లంకల పిల్లలున్నారు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ ఉన్నారు. తాటిదోనె ఎక్కినవాళ్ళమే గాని సముద్రం చూసినవాళ్ళం తక్కువ. మంగినపూడి తీరంలో లైట్‌హౌస్ కింద నిలబడి తల పైకెత్తి చూశాం. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వర్తకానికి దిగిన బందరు రేవు ఇది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ఇక్కడ సుమారు 30,000 మంది చనిపోయారు. ఇటువంటి తీరంలో దీపం విలువ వేరే చెప్పాలా? ఒక్కో లైట్‌హౌస్‌ది ఒక్కో మెరుపు లెక్క. దాన్నిబట్టే నావికులు తామెక్కడున్నదీ గుర్తుపడతారు. వచ్చే పడవ ఎవరిదని ఆ దీపం అడగదు.

తిరుగు ప్రయాణంలో కొల్లేరు ఒడ్డున మా మిత్రుడి ఊళ్ళో ఆగాం. అక్కడి పాత ఒంటిగది బడికి ఊరివాళ్ళు పెంకు మార్పించి, సున్నం కొట్టించారు. నల్లబల్లను ఉన్నచోటనే ఉంచారు. ఒకే గది, ఒకే పంతులు, ఐదు తరగతులు నడిచిన బడి! చూడముచ్చటగా ఉందని మేమంటుంటే మిత్రుడి తాతగారు బయట అరుగు చూపించారు. "మేం కూర్చున్నది ఇక్కడరా అబ్బాయిలూ, లోపల కాదు" అన్నారు. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేశాక కూడా ఆయన చదువు అరుగు మీదే సాగింది.

ఆ రాత్రి హాస్టల్లో వాదించుకున్నాం. అటువంటి బడిని బాగుచేయడం దేనికి, పడగొట్టాల్సిందన్నారు కొందరు. మా అందరి అభిప్రాయం చివరకు ఇలా తేలింది. బడి ఉండాలి, అరుగూ ఉండాలి. అరుగు కథ చెప్పకుండా గదికి సున్నం కొడితే అది సగం చరిత్రే. సతారా బడిలో బాల అంబేద్కర్ గోనెపట్టా మీద విడిగా కూర్చున్నారు. ఆ సంగతి ఆయనే రాయబట్టి మనకు తెలిసింది. ఫూలే దంపతులు 1848లో ఆడపిల్లలకు బడి పెట్టిన పూణే భిడేవాడా శిథిలమైపోయింది. స్మారకం కట్టడానికి 2023లో దాన్ని కూల్చారు. ఆలస్యంగా మేలుకుంటే మిగిలేది ఖాళీ స్థలమే.

అందుకే ఆ ఊరి పెద్దలకు మా విన్నపం ఒక్కటే. బడిని నిలబెట్టినందుకు నమస్కారాలు. ఆ అరుగు మీద కూడా ఒక పలక పెట్టించండి. ఇక్కడ కూర్చుని చదువుకున్నవారి పేర్లు దాని మీద రాయించండి. వారు అక్కడ అక్షరాలు దిద్దబట్టే ఈరోజు మేమంతా ఒకే బంతిలో కూర్చుని తింటున్నాం, ఒకే గదిలో చదువుకుంటున్నాం.

దీపం కింద చీకటి అంటారు పెద్దలు. ఆ చీకటినీ చూపించినప్పుడే అది బడి అవుతుంది.