దారి ప్రక్కన నిలబడినవారు



సమాధుల పండుగకు రెండు దినములు ముందు మా యౌవనస్థులతో కలిసి సమాధుల తోటకు వెళ్ళినాము. వానకాలములో పెరిగిన గడ్డి కోసి, తుమ్మ మొలకలు పెరికి, సమాధులకు సున్నము వేయుట ప్రతి సంవత్సరము మాకున్న అలవాటు. పెద్దల సమాధుల మీద నల్లరాతి పలకలున్నవి. వాటి మీద పేరు, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ చెక్కియున్నవి. ఒక మూలకు మాత్రము ఒక మట్టి దిబ్బ ఉన్నది. తలవైపు ఒక రాయి పాతియున్నది, అంతే.

"ఇది ఎవరిది అయ్యగారూ?" అని డిగ్రీ చదువుచున్న ఒక అబ్బాయి అడిగినాడు.

మా మందిరము హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రహదారి ప్రక్కన ఉన్నది. చాలా ఏండ్ల క్రిందట కూటములు జరిగినప్పుడు అవతలి వైపు ఊళ్ళనుండి తల్లులు, పిల్లలు చీకటిలో ఆ రోడ్డు దాటి రావలసియుండెను. ఒక యువకుడు ఎర్రగుడ్డ, టార్చిలైటు పట్టుకొని నడిరోడ్డున నిలబడి లారీలను ఆపి వారిని దాటించినాడు. ఆ పని అతనికి ఎవరూ అప్పగించలేదు. అవసరము చూచి తానే పూనుకొన్నాడు. మూడవ రాత్రి ఒక లారీ ఆగలేదు. ఈ దిబ్బ అతనిదే అని చెప్పినాము.

అబ్బాయి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "హైదరాబాదు కార్ల పందెములో కూడా అట్ల నిలబడినవాళ్ళను చూసిన అయ్యగారూ. జెండాలు పట్టుకొని మలుపు మలుపుకు ఉన్నరు. వాళ్ళకు ఏమన్న అయితే ఎవరు గుర్తు పెట్టుకుంటరు?" అన్నాడు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు ఒడ్డున కరెంటుతో నడిచే కార్ల పందెము జరిగినది మీలో అనేకులకు జ్ఞాపకముండును. మన దేశములో ఆ ఫార్ములా ఈ పందెము జరుగుట అదే మొదటిసారి. ఈ అబ్బాయి స్నేహితులతో పట్నం పోయి దానిని చూచినాడు. అతని ప్రశ్న మమ్మును విడిచిపెట్టలేదు. కాబట్టి తెలిసినవారిని అడిగి, చదివి, కొన్ని సంగతులు తెలుసుకొన్నాము.

పందెపు దారిలో మలుపు అవతల ఒక కారు బోర్లపడితే, వెనుక వచ్చువానికి అది కనబడదు. గంటకు 250 కిలోమీటర్ల వేగముతో వచ్చే కారు ఒక్క సెకనులో దాదాపు 70 మీటర్లు దాటిపోవును. అందుచేత మలుపుల దగ్గర మనుష్యులను నిలబెట్టుదురు. వారిని మార్షల్స్ అందురు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదమున్నది, వేగము తగ్గించు, ఎవరినీ దాటవద్దని అర్థము. నీలి జెండా చూపితే నీకంటె వేగముగా వెనుక ఒకడు వచ్చుచున్నాడని అర్థము. ఎర్ర జెండా అయితే పందెము ఆగిపోయినట్లే. జెండాలు పట్టేవారు కొందరు, మంటలార్పే సిలిండర్లతో సిద్ధముగా ఉండేవారు కొందరు, దారి మీద పడిన ముక్కలు ఏరేవారు, చెడిన కార్లను లాగేవారు కొందరు.

వీరిలో ఎక్కువమంది జీతము లేకుండ పనిచేసేవారే. వారమంతా తమ తమ పనులు చేసుకొని, సెలవు దినమున తెల్లవారకముందే వచ్చి ఎండలో వానలో నిలబడుదురు. బ్రిటన్ దేశములో ఇట్టివారు 1957లో తమకొరకు ఒక క్లబ్బునే పెట్టుకొన్నారు.

మన దక్షిణాదిలో ఈ పందెములకు పెద్ద నిలయము మద్రాసు. అక్కడి మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో మొదలైనది. మొదట షోలవరములో పాత విమానముల దారి మీద పందెములు పెట్టేవారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో స్వంత దారి వేసికొన్నారు. 2023 జనవరి 8న ఆ దారి మీదనే కె.ఇ. కుమార్ అను 59 ఏండ్ల అనుభవశాలి పందెములో గాయపడి చనిపోయినాడు. ఆ దినము జరుగవలసిన మిగిలిన పందెములను క్లబ్బువారు నిలిపివేసినారు. కోయంబత్తూరులో తక్కువ ఖర్చుతో పందెపు కార్లు తయారుచేసి యువకులకు అవకాశమిచ్చిన కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదములో చనిపోగా, 2003లో అక్కడ తెరచిన పందెపు దారికి ఆయన పేరు పెట్టినారు. కార్లు నడిపినవారి పేర్లు ఆ విధముగా నిలుచును. మరి జెండా పట్టినవారి పేర్లు?

ఈ మాటలు మా కమిటీలో చెప్పినప్పుడు ఒక పెద్దాయన, "ఉన్నోళ్ళు సరదాకు కార్లు తోలుకుంటే మనమెందుకు బాధపడాలె అయ్యగారూ? మన ఊళ్ళ కూలికి పోయి సచ్చినోళ్ళు లేరా?" అని అడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఆట అవసరమా, కాదా అను వాదములోనికి మేము పోము. అయితే ఈ మార్షల్స్ ఆట కొరకు చనిపోలేదు. ఆటలో చిక్కుకొన్న మనిషి కొరకు పరుగెత్తి కొందరు, అట్టివాని కొరకు కాచుకొని నిలబడి కొందరు చనిపోయినారు.

1973 జూలై 29న హాలండు దేశములో జాండ్వూర్ట్ అనుచోట రోజర్ విలియమ్సన్ అను యువకుని కారు తలక్రిందులై అంటుకొన్నది. దగ్గరలో మార్షల్స్ ఉన్నారు గాని, మంటకు తట్టుకొనే బట్టలు వారికి ఇయ్యలేదు. దగ్గరకు పోలేకపోయినారు. పోటీలో ఉన్న డేవిడ్ పర్లీ అను మరియొకడు తన కారు ఆపి, పరుగెత్తి వచ్చి, ఒంటరిగా ఆ కారును తిప్పవలెనని పెనుగులాడినాడు. సాధ్యము కాలేదు. వేలమంది చూచుచుండగా విలియమ్సన్ చనిపోయినాడు. పర్లీ ధైర్యమునకు బ్రిటన్ ప్రభుత్వము జార్జి పతకము ఇచ్చినది.

1977 మార్చి 5న దక్షిణాఫ్రికాలోని క్యాలామిలో ఇందుకు విరుద్ధముగా జరిగినది. ఒక కారు ఆగిపోయి చిన్న మంట లేచినది. అవతలి వైపున ఉన్న ఇద్దరు మార్షల్స్ అనుమతి కొరకు చూడకుండ దారికి అడ్డముగా పరుగెత్తినారు. మొదటివాడు దాటినాడు. రెండవవాడు ఫ్రెడరిక్ యాన్సెన్ వాన్ వ్యూరెన్, 19 ఏండ్లవాడు. 18 కిలోల సిలిండరు చేతులలో మోయుచున్నాడు. మిట్ట అవతలినుండి వచ్చుచున్న టామ్ ప్రైస్‌కు అతడు కనబడలేదు. కారు తగిలి ఆ పిల్లవాడు, సిలిండరు తగిలి ప్రైస్, ఇద్దరును అక్కడనే ప్రాణములు విడిచినారు. మంట లేచిన కారు నడిపినవాడు బ్రతికినాడు.

2000 సెప్టెంబరు 10న ఇటలీలోని మోంజాలో కార్లు గుద్దుకొన్నప్పుడు ఊడి ఎగిరిన చక్రము తగిలి పావ్లో జిస్లింబెర్తి అను అగ్నిమాపక మార్షల్ చనిపోయినాడు. ఆరు నెలలు నిండకముందే, 2001 మార్చి 4న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కంచె సందులోనుండి దూసుకొనివచ్చిన చక్రము తగిలి గ్రాహమ్ బెవరిడ్జ్ అను 52 ఏండ్ల మార్షల్ చనిపోయినాడు. 2013 జూన్ 9న కెనడాలోని మాంట్రియల్‌లో పందెము అప్పటికే ముగిసినది, గళ్ళ జెండా ఊపినారు. చెడిన కారును తీసికొని పోవుచుండగా మార్క్ రాబిన్సన్ అను 38 ఏండ్లవాడు తూలి ఆ బండి క్రింద పడి చనిపోయినాడు. అందరు ఇంటికి పోవు వేళలో కూడా వీరి పని ముగియదు.

ప్రియులారా, 1973 సంగతిని, 1977 సంగతిని ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడి. ఒకచోట మనుష్యులున్నారు గాని వారికి తగిన బట్టలు లేవు. మరియొక చోట పరుగెత్తే మనస్సున్నది గాని, "ఆగు, ఇప్పుడు దాటవద్దు" అని ఆపే ఏర్పాటు లేదు. ప్రేమ ఒక్కటి ఉంటే చాలదు. ఉచితముగా సేవ చేయువానికి ఏమి కావలెనో చూచుకొనుట, ఆ సేవ పుచ్చుకొనువారి బాధ్యత.

వారు చనిపోయిన తరువాతనైనా కొన్ని మార్పులు వచ్చినవి. చక్రము విరిగినను ఎగిరిపోకుండ బలమైన త్రాళ్ళతో కారుకు కట్టుట 1990ల చివరనుండి నియమమైనది. అది చాలదని తెలిసి, 2011నుండి ఒక్కొక్క చక్రమునకు రెండేసి త్రాళ్ళు కట్టవలెనన్నారు. వచ్చే కార్లకు వీపు త్రిప్పవద్దని, చెప్పనిదే దారి దాటవద్దని కొత్తగా వచ్చినవారికి నేర్పుచున్నారు. చనిపోయినవానికి చేసే నిజమైన జ్ఞాపకార్థ కూడిక ఇదేనని మాకు తోచినది. పూలు మూడు దినములకు వాడిపోవును. రెండవ త్రాడు మాత్రము తరువాత వచ్చినవాని ప్రాణము కాపాడును.

ఇక మన సంగతికి వచ్చెదము. నల్లగొండ మీదుగా విజయవాడ రహదారి, మహబూబ్‌నగరు మీదుగా కర్నూలు రహదారి పోవుచున్నవి. వాటి ప్రక్కన మన ఊళ్ళున్నవి. రాత్రి పెద్ద చప్పుడైతే మొదట పరుగెత్తేది హోటలు నడిపేవాడు, పంక్చరు వేసేవాడు, పొలానికి నీళ్ళు పెట్టుచున్న రైతు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో 108 అంబులెన్సులు మొదలైనవి గాని, అవి వచ్చువరకు గాయపడినవాని ప్రక్కన కూర్చుండేది వీరే. "ముట్టుకుంటే కేసు మన మీదకు వస్తది" అను భయము ఇంకను ఉన్నది. ఆ భయము అక్కరలేదు. సహాయము చేసినవారిని వేధించకుండ కాపాడు నియమములను 2016లో సుప్రీం కోర్టు ఆమోదించినది. 2019లో మోటారు వాహనముల చట్టములో 134ఎ అను సెక్షను చేర్చినారు. దానికి మంచి సమరయుని పేరే పెట్టినారు. మంచి మనస్సుతో సహాయము చేసినవాని మీద, గాయపడినవాడు చనిపోయినను, కేసు పెట్టరాదు. పేరు చెప్పుమని బలవంతము చేయరాదు.

అయితే పరుగెత్తేవాడు తన ప్రాణమును కూడా చూచుకొనవలెను. మొదట ఒకరు వెనుకకు పోయి వచ్చే బండ్లకు వెలుతురు చూపవలెను. రోడ్డుకు వీపు త్రిప్పి వంగకూడదు. 108కు ఫోను చేసిన తరువాతనే మిగిలిన పని. ఈ మాటలు మీ యౌవనస్థుల కూడికలో ఒక్కసారి చెప్పుడి.

చివరగా మా తప్పు ఒప్పుకొనవలసియున్నది. ఆ యువకుడు మొదటి రాత్రి రోడ్డు మీద నిలబడినప్పుడు మేము చూచినాము. "మంచి పిల్లవాడు" అని మైకులో పొగిడినాము. అతనికి మెరిసే బట్ట కావలెనని, తోడుగా మరియొకడు కావలెనని, పోలీసువారికి ముందుగా ఒక దరఖాస్తు ఇయ్యవలెనని మాకు తోచలేదు. షామియానాకు, మైకు సెట్టుకు, భోజనములకు డబ్బు లెక్క వేసినాము గాని అతని కొరకు ఒక్క రూపాయి లెక్క వేయలేదు. అతడు పోయిన తరువాత సంతాప తీర్మానము వ్రాసినాము. రాయి మీద పేరు వేయించుట మరచినాము.

ఈ సంవత్సరము ఆ రాయి మీద పేరు చెక్కించినాము. వెలుతురు పడితే మెరిసే జాకెట్లు ఆరు కొన్నాము. ఈసారి కూటములకు ఇద్దరిద్దరు చొప్పున నిలబడునట్లు పేర్లు వ్రాసికొన్నాము. పండుగ దినమున ఆ యువకుని తల్లిని పిలుచుకొని పోయి రాయి చూపినాము. ఆమెకు చదువు రాదు. అక్షరముల మీద వ్రేలు పెట్టి చివరి వరకు తడిమినది. తరువాత ప్రక్కన నిలబడిన అబ్బాయి వేసికొన్న జాకెట్టును పట్టి చూచినది.

"ఇది చీకట్ల కనిపిస్తదా బిడ్డా?" అని అడిగినది.

"దూరం నుంచే కనిపిస్తది అవ్వా," అన్నాడు.

"మంచిగ వేసుకో, ఇడువకు," అన్నది.

మీ సంఘములో కరెంటు స్తంభమెక్కి తీగ తగిలించువారు, బావిలో దిగి మోటారు తీయువారు, రోడ్డు మీద నిలబడి పిల్లలను దాటించువారు ఎవరెవరో ఒక కాగితము మీద వ్రాయుడి. పోయినవారి పేర్లు ఒక వైపున, ఇప్పుడు చేయుచున్నవారి పేర్లు మరియొక వైపున వ్రాయుడి. రెండవ వైపు పేరు మొదటి వైపునకు పోకుండుటకు ఏమి కావలెనో ఈ మాసములోనే కూర్చుండి మాట్లాడుకొనుడి.