విత్తనం తప్పు కాదు

మాది హోసూరు దగ్గర పల్లె. రెండు ఆవులు, ఒక ఎకరం చేను ఉన్నాయి. ఆవుల మేతకని మా నాయన మొక్కజొన్న వేసి, కలుపుకు అట్రాజిన్ కొట్టినాడు. మొక్కజొన్న బాగా వచ్చింది. అది కోసినాక బీన్స్ పెట్టినాము. మొలకలు చక్కగా లేచినాయి. కొన్ని రోజులకే కింది ఆకులు అంచుల నుంచి పచ్చబారి, ఎండిపోయినాయి. మందుల అంగడిలో అడిగితే "విత్తనం మంచిది కాదు, ఇంకో రకం ఇస్తాను" అన్నారు. మా నాయన నమ్మినాడు. నేను నమ్మలేదు.

రెండు డబ్బాలు తీసుకున్నాను. ఒకదానిలో చేనిమట్టి, ఇంకోదానిలో మందు ఎప్పుడూ పడని పెరటి మట్టి. రెండింట్లోనూ ఒకే పొట్లంలోని గింజలు పెట్టినాను. పెరటి మట్టిలో మొక్కలు నిలిచినాయి, చేనిమట్టిలోవి ఎండినాయి. ఇంక విత్తనాన్ని తిట్టడం ఎందుకు?

అట్రాజిన్ ఆకులో ఆహారం తయారు కాకుండా ఆపుతుంది. అందుకే గింజ మొలుస్తుంది, గింజలోని తిండి అయిపోయినాక మొక్క చస్తుంది. మొక్కజొన్న, జొన్న ఆ మందును తమలోనే విరిచేయగలవు. బీన్స్‌కు ఆ శక్తి లేదు. ఈ మందు భూగర్భజలంలోకి దిగుతుందని ఐరోపా సమాఖ్య 2004లోనే దానికి అనుమతి నిరాకరించింది. మనం తాగేది కూడా బోరు నీళ్లే కదా!

"ఒక కారు బీడు వదిలేస్తే నేల అదే బాగవుతుంది" అంటారు పెద్దలు. బీడులో పని చేసేదెవరు? మందును విరిచేవి ముఖ్యంగా నేలలోని సూక్ష్మజీవులు. వాటికి తిండి పెట్టేవి బతికున్న వేళ్లు. బ్రెజిల్‌లో వేరే కలుపుమందు మిగిలిన నేలలో శాస్త్రవేత్తలు దూలగొండి జాతి మొక్కను పెంచి చూస్తే, తర్వాతి పంటకు దెబ్బ తగ్గింది. (దూలగొండి అనగానే మా తరగతిలో అందరూ గోక్కున్నారు. అది దురద లేని రకం లెండి.)

మనమూ అదే వేయాలని కాదు. పప్పుజాతికి అట్రాజిన్ పడదు కాబట్టి మా చేనిలో ముందు జొన్న ఒత్తుగా చల్లాలి. దాన్ని ఆవులకు వేయకుండా మట్టిలోనే కలియదున్నాలి. లేత జొన్న పశువులకు విషమని మా అవ్వ ఎప్పుడూ చెప్పేదే. డబ్బాలో బీన్స్ పచ్చగా నిలిచినాక జనుము చల్లి, పూతలో దున్నాలి. ఒత్తుగా పెరిగిన జనుము కింద కలుపుకు ఎండ తగలదు, మందు అవసరమే తగ్గుతుంది. ఇంత చేసి మళ్లీ అదే మందు అదే మోతాదులో కొడితే మాత్రం చేసిందంతా దండగ.

"ఒక కారు పోతే అప్పు ఎవరు కడతారు?" అని మా నాయన అడిగినాడు. అది న్యాయమైన ప్రశ్నే. కలుపు తీసే కూలీలు దొరకరని నాకు తెలుసు, రోజంతా వంగి తీస్తే అమ్మ నడుము ఎలా ఉంటుందో కూడా తెలుసు. కానీ ఈ కారు మాత్రం మిగిలిందా? విత్తనం, దుక్కి, కూలి, అన్నీ పోయినాయి. అంగడివాళ్లు మందు అమ్మినారు, విత్తనం అమ్మినారు, ఇప్పుడు ఇంకో విత్తనం అమ్ముతున్నారు. కిలో జొన్నలు చల్లి చూడమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎకరమంతా ఇవ్వడానికి నాయన ఒప్పుకోలేదు. బోరు పక్క 20 సెంట్లు ఇచ్చినాడు. అందులో జొన్న చల్లినాము. మిగతా చేనికి కొత్త బీన్స్ పొట్లాలు వచ్చి గూట్లో ఉన్నాయి. వాటిని విప్పకముందే ఇంకో డబ్బా చేనిమట్టి నింపి వాకిట్లో, నాయన మంచం పక్కనే పెట్టినాను.