తెర వెనుక మనిషి ఏ రిజిస్టరులో ఉన్నాడు?

జంషెడ్‌పూర్ నగరంలో, బిష్టుపూర్‌లో ఒక రంగస్థల మందిరం ఉంది. దానికి పెట్టిన పేరు మైకేల్ జాన్. టాటా ఉక్కు కార్మికుల సంఘాన్ని సుదీర్ఘకాలం నడిపిన నాయకుడాయన. ఆ వేదిక మీద నాటకం పడే రాత్రి నిచ్చెనెక్కి లైట్లు బిగించేవాడికి, సీనరీ మోసేవాడికి, నటుల ముఖాలకు రంగు పూసేవాడికి భవిష్య నిధి లేదు, బీమా లేదు, చేతిలో ఒప్పంద పత్రం లేదు. కార్మిక నాయకుడి పేరు గుమ్మం మీద ఉన్నది. కార్మికుడి పేరు మాత్రం లోపల ఏ పుస్తకంలోనూ లేదు.

మరో ఊరిలో అయితే ఇది మామూలు సంగతిగా తీసివేయవచ్చు. జంషెడ్‌పూర్‌లో తీసివేయడం కుదరదు. ఎనిమిది గంటల పనిదినం ఈ ఊరి కర్మాగారంలో 1912లోనే వచ్చింది. దేశానికంతటికీ ఆ హక్కును ఖాయం చేసిన ఫ్యాక్టరీల చట్టం రావడానికి 1948 దాకా పట్టింది. భవిష్య నిధి ఇక్కడ 1920లో మొదలైంది. చట్టం 1952లో వచ్చింది. ఉచిత వైద్యం 1915 నాటిది. చట్టం కంటే ముప్పయ్యేళ్లు ముందు నడిచామని ఇప్పటికీ చెప్పుకునే ఊరిది. సమ్మెలు చేసి, సంఘం కట్టి, 1928లో సుభాష్ చంద్రబోస్ వంటివాడిని అధ్యక్షుడిగా తెచ్చుకున్న ఊరిది. అటువంటి ఊరు తన నాటకశాలలో పనిచేసేవారి విషయంలో 1912కు ముందే ఆగిపోయింది.

టాటానగర్ స్టేషనుకు అవతలి వైపున పర్సుడీహ్ ఉంది. ధాన్యం, పప్పుల టోకు మార్కెట్టు అక్కడే, జిల్లా సదర్ ఆసుపత్రి అక్కడే. కంపెనీ కాలనీల చక్కని వీధులు అంతవరకు సాగలేదు. రైలు పట్టాల వెంట బతుకు వెదుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరతరాలుగా వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నగరమంతటా కనిపిస్తాయి. నాటకం వారితోపాటే వచ్చింది. పండుగ వస్తే పందిరి, పందిరి పడితే పద్యం. హార్మోనియం లేని నవమి ఉత్సవం ఆ తరం వారి ఊహకు అందదు.

ఆ నాటకంలో రెండు వర్గాలున్నాయి. రాముడి వేషం కట్టేవాడు తరచుగా కంపెనీలోనో రైల్వేలోనో ఉద్యోగి. అతనికి నాటకం అభిరుచి, గౌరవం. అతని తల మీద కిరీటం పెట్టేవాడికి అది కూలి. 2020 మార్చి 25న దేశం తలుపులు మూసుకున్నప్పుడు ఈ తేడా నగ్నంగా బయటపడింది. రాముడి జీతం బ్యాంకులో పడింది. కిరీటం అద్దెకిచ్చేవాడి పెట్టె తెరవలేదు. ప్రపంచ రంగస్థల దినోత్సవం మార్చి 27న. అంటే దిగ్బంధంలో మూడో రోజు. ఆ రోజున దేశమంతటా ప్రముఖులు నాటక కళ ఔన్నత్యం గురించి తెరల మీద ప్రసంగించారు. ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. అదీ గృహనిర్బంధంలోనే గడిచింది. ప్రసంగాలకు లోటు లేదు. బియ్యానికే లోటు.

తెర వెనుక వారిలోనూ కంటికి బొత్తిగా కనబడనివాడు ఒకడున్నాడు. పాశ్చాత్య రంగస్థలం అతణ్ణి డ్రామటర్గ్ అంటుంది. 1767లో హాంబర్గ్ నాటకశాలలో లెస్సింగ్ చేపట్టిన పని అది. తెలుగులో దానికి స్థిరపడిన పేరు లేదు, పని మాత్రం ఎప్పటినుంచో ఉంది. నాలుగు గంటల పౌరాణికాన్ని గంటన్నరకు కుదించేవాడు, ఏ పద్యం తీస్తే కథ కుంటుపడుతుందో ఎరిగినవాడు, తెలుగు లిపి రాని మూడో తరం కుర్రవాడికి సంభాషణలు నాగరి లిపిలో రాసిచ్చి ఉచ్చారణ దిద్దేవాడు అతనే. హిందీ, బెంగాలీ, సంతాలీ, హో, ఒడియా భాషలు ఒకే బజారులో వినబడే చోట ప్రేక్షకుడికి ఏది అర్థమవుతుందో, ఏది కాదో తేల్చేది కూడా అతనే. ఇంత విద్యకు కరపత్రంలో దక్కేది ‘సహకారం’ అన్న ఒక్క మాట; చేతికి దక్కేది శాలువా. శాలువాతో అద్దె తీరదు కదా!

ఇది చట్టంలోని ఖాళీ. 1981లో పార్లమెంటు సినిమా కార్మికుల కోసం చట్టాలు చేసింది; వాటిలో ఒకటి సంక్షేమ నిధిని ఏర్పరచింది, ఇంకొకటి రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది. 2020 నాటి కార్మిక కోడ్లు ఆ రక్షణను ‘ఆడియో విజువల్’ కార్మికులకు విస్తరించాయి: టెలివిజన్, వెబ్ సీరియళ్లు, రియాలిటీ షోలు, చివరికి క్రీడా ప్రసారాలు కూడా అందులో చేరాయి. 2025 నవంబరు 21న ఆ కోడ్లు అమలులోకి వచ్చాయి. కెమెరా ముందు అదే మనిషి అదే దీపం వెలిగిస్తే చట్టానికి కనబడతాడు. ప్రేక్షకుల ముందు వెలిగిస్తే కనబడడు. నాటకం ఆ నిర్వచనంలో లేదు. ఇది పొరపాటే అయితే దిద్దడం సులభం. ఉద్దేశమే అయితే, దాని కారణం దేశానికి చెప్పాలి.

ఇక సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఔదార్యం. అరవై దాటిన కళాకారుడికి నెలకు రూ. 6,000 వరకు సహాయం ఇచ్చే పథకం ఉంది, వార్షికాదాయం రూ. 72,000 మించకూడదు. మంచిదే. నాటక బృందాలకిచ్చే రెపర్టరీ గ్రాంటు ‘గురుశిష్య పరంపర’ పేరుతో నడుస్తోంది. ఆ పేరే దాని చూపును చెబుతుంది: ఒక గురువు, కొందరు శిష్యులు. ఈ లెక్కలో ఏ ఒక్క బృందానికీ చెందక, ఈ వారం ఒకరికి, వచ్చే వారం మరొకరికి పనిచేసే లైట్ల మనిషి ఎవరి శిష్యుడు? అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో తెరచిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో ముప్పై కోట్లకు పైగా పేర్లు చేరాయి. పేరు చేరడం వేరు, పింఛను చేరడం వేరు.

ప్రాచీనులు ఈ విషయంలో నయం. నాట్యశాస్త్రం నాటక బృందాన్ని లెక్కించేటప్పుడు కిరీటాలు చేసేవాడిని, ఆభరణాలు చేసేవాడిని, మాలలు కట్టేవాడిని, చిత్రకారుడిని, బట్టలుతికే రజకుడిని కూడా పేరుపెట్టి చెప్పింది. భారతీయ సంస్కృతి పేరు ఎత్తగానే పులకించే పాలకులు ఆ పుటను ఒకసారి చదివితే బాగుండును.

1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో ఉత్పల్ దత్ ‘అంగార్’ ప్రదర్శించాడు. బొగ్గుగనిలో చిక్కుకున్న కార్మికుల కథ. గనిలోకి నీరు ముంచుకొచ్చే దృశ్యాన్ని తాపస్ సేన్ కేవలం వెలుగుతో సృష్టించాడు. జనం నాటకం కంటే ఆ దృశ్యం గురించే ఎక్కువగా చెప్పుకున్నారు. తెలుగువారికి సురభి ఉండనే ఉంది. 1885లో కడప జిల్లాలో మొదలైన ఆ కుటుంబాల నాటక సమాజాల పేరు నిలబెట్టింది మాయాబజార్‌లో తెర వెనుక తాళ్లు లాగిన చేతులే. సురభిలో నటుడూ తాళ్లు లాగేవాడూ ఒకే ఇంటివారు గనుక తిన్నా పస్తున్నా కలిసే ఉన్నారు. పర్సుడీహ్ వంటి చోట ఆ కుటుంబం లేదు. నాటకం ముగిశాక ఎవరి దారి వారిది.

నాటకం అభిరుచి కదా, ప్రభుత్వమెందుకు అని కొందరంటారు. నటుడికి అభిరుచి కావచ్చు. తెల్లవారుజామున సీనరీ విప్పి బండికెత్తేవాడికి కాదు. సర్కారు డబ్బు పుచ్చుకుంటే సర్కారు మాట వినాలని మరికొందరి భయం. ఇది తేలికగా కొట్టిపారేయదగ్గది కాదు. నాటకాలను నిషేధించడానికి ఆంగ్లేయులు 1876లో చేసిన చట్టాన్ని స్వతంత్ర భారతం 2018 దాకా పుస్తకాల్లో ఉంచుకుంది. నాటకాన్ని ఆపవలసి వచ్చినప్పుడు రాజ్యానికి అది పరిశ్రమే! అయితే దయతో ఇచ్చే గ్రాంటు వేరు, హక్కుగా వచ్చే భత్యం వేరు. ఫ్రాన్సులో పన్నెండు నెలల్లో 507 గంటలు పనిచేసిన రంగస్థల సాంకేతికుడికి, నటుడితో సమానంగా, పనిలేని రోజుల భృతి వస్తుంది. 2020లో థియేటర్లు మూతపడినప్పుడు ఆ గంటల లెక్క అడగకుండానే భృతిని పొడిగించారు. ఏ నాటకం వేశావని అతణ్ణి ఎవరూ ప్రశ్నించలేదు.

మన దేశంలోనూ నమూనాలు లేకపోలేదు. భవన నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు 1996 నుంచి ఆ కార్మికుల నిధికి చేరుతోంది. ఏ ఒక్క యజమానికీ చెందని డెలివరీ కార్మికుల కోసం రాజస్థాన్ 2023లో చట్టమే చేసింది. ప్రభుత్వాలు, కంపెనీలు ఉత్సవాల మీద పెట్టే ఖర్చులో ఒక శాతం రంగస్థల కార్మికుల నిధికి మళ్లిస్తే ఎవరి ఉత్సవమూ ఆగదు. జార్ఖండ్ ప్రభుత్వం అందుకు బోర్డు ఏర్పాటు చేయవచ్చు. ఢిల్లీ తన కోడ్ నిర్వచనంలో ‘నాటక ప్రదర్శన’ అన్న రెండు మాటలు చేర్చవచ్చు.

ఆలోగా ప్రవాస తెలుగు సంఘాలు చేయగల పని ఒకటుంది. ఉత్సవ ఖర్చుల పట్టికలో భోజనాలకు ఒక వరుస, పూలకు ఒక వరుస, ముఖ్య అతిథి ప్రయాణానికి ఒక వరుస ఉంటాయి. లైట్లు, సీనరీ, మేకప్, ప్రతి దిద్దడం అన్నీ కలిపి ‘టెంట్ హౌస్, ఇతరములు’ అన్న ఒక్క వరుసలో కలిసిపోతాయి. వచ్చే దసరాకు ఆ వరుసను విడదీసి, మనిషి పేరు, పనిగంటలు, కూలి రాసి, సంతకం చేసిన నకలు ఒకటి అతని చేతికివ్వాలి. రేపు ఏ బోర్డు వచ్చినా మొదట అడిగే రుజువు ఆ కాగితమే.